చాయ్ గింజలు తెచ్చిన భిక్షువు ఎయ్‌సాయ్



పోచంపల్లిలో తెల్లారకముందే చాయ్ వాసన మొదలైతది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టకముందు ఒక చాయ్, ఆసు పోసి పోసి భుజం గుంజే ఆడవాళ్లకు నడుమ ఒక చాయ్. పలుచటి చాయ్ ఎవరికీ పట్టదు, కడక్ ఉండాలె. నీళ్లు బాగా మసిలినాక పత్తి వేసి, ఎర్రగా సారం దిగినాకనే పాలు పోయాలె. పాలు ముందే పోస్తే ఆకు సారం సరిగ్గా దిగదు. పంచశీల తీసుకున్న మన ఇండ్లలో దీనికి ఇంకో లెక్క కూడా ఉంది. కల్లు, సారా మానేసిన మనిషికి సాయంత్రం పూట చేతిల ఏదో ఒకటి ఉండాలె కదా. ఆ ఏదో ఒకటి చాలాసార్లు చాయే.

అస్సాంలో బ్రిటిష్ వాళ్లు తోటలు మొదలుపెట్టింది 1830లలో. అంతకు ఆరు వందల ఏండ్ల ముందే, చాయ్ చిక్కగా తాగితేనే మేలని పుస్తకం రాసిన భిక్షువు ఒకాయన ఉన్నారు. పేరు ఎయ్‌సాయ్, దేశం జపాన్.

ఆయన 1141లో పుట్టారు. పుట్టింది పూజారుల వంశంలో, జపాన్ దేవతల గుడి అయిన కిబిత్సు దగ్గర. చిన్న వయసులోనే ఇల్లు వదిలి హియేయ్ కొండ మీది తెందాయ్ సంఘంలో చేరారు. ఆ సంఘం వాళ్లు తమ గురు పరంపరకు మొదట పెట్టుకునే పేరు మన ఆచార్య నాగార్జునుడిది. మన నల్లగొండ అంచున కృష్ణ ఒడ్డున కొండకు, ఆనకట్టకు ఉన్న పేరే ఆ కొండ మీది పిల్లలూ భక్తితో చదువుకున్నారన్నమాట.

అయితే ఆ రోజుల్లో హియేయ్ కొండ పరిస్థితి బాగలేదు. భిక్షువులకు భూములు, పెత్తనాలు, ఆయుధాలు పట్టిన బలగాలు ఉండేవి. శీలం పుస్తకాల్లోనే మిగిలింది. దానికి మందు వెతకడానికి ఎయ్‌సాయ్ 1168లో చైనాకు పోయి, కొన్ని నెలలకే గ్రంథాలతో తిరిగొచ్చారు. 1187లో మళ్లీ బయలుదేరారు. ఈసారి చైనా ఆయన గమ్యం కాదు. మన దేశానికి రావాలని, బుద్ధుడు నడిచిన నేలను కండ్లారా చూడాలని ఆశ. దారి బాగలేదని అక్కడి అధికారులు అనుమతి ఇవ్వలేదు. నలభై ఆరేండ్ల మనిషి, సముద్రం దాటి వచ్చి, సగం దారిలో ఆగిపోయారు. బుద్ధగయకు రైలెక్కి పోయి వచ్చే మనకు ఆ బాధ అర్థం కావడం కష్టమే.

ఆగిపోయిన చోటే ఆయనకు చాన్ గురువు దొరికారు. ఆ చాన్‌నే జపాన్ వాళ్లు జెన్ అంటారు, మన ధ్యానం అన్న మాటే అది. నాలుగేండ్లు ఆ మఠాల్లో ఉన్నారు. అక్కడ చాయ్ తాగడం కూడా సంఘ నియమంలో భాగం. పిలుపు రాగానే భిక్షువులంతా వచ్చి వరుసగా కూర్చుని తాగేవాళ్లు. రాత్రి ధ్యానంలో కునుకు రాకుండా ఉండడానికీ అదే ఆసరా.

ఇది చదువుతుంటే నాకు మా చిన్నప్పటి హోటల్ యాదికొస్తది. మన వాళ్ల గ్లాసులు వేరే, చూరుల చెక్కి ఉండేవి. తాగి, మనమే కడిగి, మళ్ల ఆడనే పెట్టాలె. పైసలు మాత్రం అందరితో సమానమే. 1901లో తండ్రి దగ్గరికి బండిలో బయలుదేరిన చిన్న భీమ్‌రావుకు దారి పొడుగునా గుక్కెడు నీళ్లు పుట్టలేదు. గ్లాసు సంగతి మనకు చిన్న సంగతి ఎట్లయితది?

1191లో ఎయ్‌సాయ్ జెన్ బోధతో పాటు చాయ్ గింజలు తెచ్చుకున్నారు. జపాన్‌కు చాయ్ అప్పటికే కొత్త కాదు. దాదాపు నాలుగు వందల ఏండ్ల ముందే భిక్షువులు తెచ్చారు గానీ అది రాజుల కొలువులోనే ఉండి, వాడకం తగ్గిపోయింది. ఈయన క్యూషూ దీవిలో సెఫురి కొండ మీద గింజలు నాటించారు. క్యోటో దగ్గరి తొగనొ కొండ మీది భిక్షువు మ్యోయెకు కూడా కొన్ని ఇచ్చారు. ఆ తోట నుంచే తర్వాత పేరుమోసిన ఉజి చాయ్ పుట్టింది.

గింజలకు నేల దొరికినంత తేలిగ్గా బోధకు దొరకలేదు. హియేయ్ కొండ పెద్దలు ఒత్తిడి తెచ్చి 1194లో జెన్ బోధను ఆపించారు. శీలం లేకుండా ధమ్మం నిలబడదని ఆయన 1198లో గ్రంథం రాసి జవాబు చెప్పారు. క్యోటోలో అడ్డంకులుంటే, సైనిక పాలకుల ఊరు కమకురకు పోయి వాళ్ల అండ సంపాదించారు. వాళ్ల సాయంతోనే 1202లో క్యోటోలో కెన్నిన్‌జి విహారం లేచింది. పాలకుల ప్రాపకం అంతగా కోరుకోవడం నాకు నచ్చదు. ఒక దశలో పెద్ద బిరుదు కోసం కూడా ప్రయత్నించారు, దొరకలేదు. ఆ విమర్శ ఆయన కాలంలోనే ఉంది.

అదే మనిషి గురించి దోగెన్ అనే తర్వాతి ఆచార్యుడు తన శిష్యులకు చెప్పిన సంగతి ఒకటుంది. ఒక పేదవాడు కెన్నిన్‌జికి వచ్చాడు. ఇంట్ల కొన్ని రోజులుగా పొయ్యి వెలగలేదు, భార్యాపిల్లలు చావుకు దగ్గరైండ్రు. విహారంలో ఇవ్వడానికి ఏమీ లేదు. బుద్ధ విగ్రహం వెనక కాంతివలయం చేయడానికి తెచ్చిన రాగి మాత్రం ఉంది. ఎయ్‌సాయ్ ఆ రాగిని తన చేత్తో మడిచి ఇచ్చి, అమ్ముకుని తిండి తెచ్చుకొమ్మన్నారు. బుద్ధుడి సొత్తు ఇట్లా వాడొచ్చా అని శిష్యులు గొణిగారు. బుద్ధుడు తన ఒళ్లే కోసి ప్రాణులకు ఇచ్చినవాడని, ఈ పనికి తాను నరకానికి పోయినా సరేనని ఆయన జవాబు.

1211లో చాయ్ మీద పుస్తకం రాశారు, పేరు కిస్సా యోజోకి. మనిషికి ఐదు అవయవాలు ముఖ్యం, ఒక్కోదానికి ఒక్కో రుచి కావాలె, గుండెకు కావలసింది చేదు, ఆ చేదు తన ప్రజల తిండిలో లేదని అందులో వాదన. ఇవాళ్టి వైద్యం ఈ లెక్క ఒప్పుకోదు, మనమూ ఒప్పుకోనక్కర లేదు. కానీ తయారీ రాసిన తీరు చూస్తే ముచ్చటేస్తది. పొద్దున తెంపిన ఆకును వెంటనే ఆవిరి పట్టాలె. తర్వాత కాగితం పరిచి, కాగితం మాడనంత సెగ మీద రాత్రంతా మేలుకుని ఆరబెట్టాలె. బద్ధకస్తుడి వల్ల కాదంటారు. తెల్లారినాక మంచి జాడీలో పోసి వెదురాకులతో మూతి బిగిస్తే ఏండ్ల తరబడి చెడదు. తాగేటప్పుడు పొడి రెండు మూడు చెంచాలు, బాగా మరిగిన నీళ్లు తక్కువ. చిక్కగా ఉంటేనే బాగుంటదని ఖాయంగా రాశారు. మన కడక్ చాయ్ లెక్కనే!

1214లో కమకుర పాలకుడు సనెతొమొ ముందు రాత్రి తాగిన మత్తు దిగక పడుకున్నాడు. ఎయ్‌సాయ్ తన విహారం నుంచి ఒక గిన్నె చాయ్ తెప్పించి ఇచ్చి, చాయ్ గుణాలు చెప్పే పుస్తకం కూడా చేతిల పెట్టారు. ఐదో శీలం తప్పినవాడు పాలకుడని తిట్టలేదు, వదిలేయలేదు. కల్లు మానలేకపోతున్న తమ్ముళ్ల ఇంటికి పోయినప్పుడు నేను ఈ సంగతే చెప్తుంట.

మరుసటి ఏడు, 1215లో, ఎయ్‌సాయ్ కన్నుమూశారు. కెన్నిన్‌జిలో ఇప్పటికీ ఏటా ఏప్రిల్ 20న ఆయన పుట్టినరోజు పేర చాయ్ కూటం జరుగుతది. అతిథులు కూర్చునే ఉంటరు, వాళ్ల చేతుల్లోని గిన్నెల్లో చాయ్ పొడి ముందే వేసి ఉంటది. భిక్షువు నిలబడి, వంగి, ఒక్కొక్కరి గిన్నెలో వేడినీళ్లు పోసి తనే కలిపి ముందుకు పోతాడు.