కంపెనీల పేర్లు మారాయి.. భీమవరం వైద్యుడి మందులు మిగిలాయి

భీమవరం: బోదకాలు వ్యాధి ఉన్న జిల్లాల్లో 2004లో సామూహిక మందుల పంపిణీ మొదలైనప్పుడు గోదావరి తీరంలోనూ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి డీఈసీ మాత్రలు మింగించారు. ఆ మాత్ర పుట్టుకకు కారణమైన పరిశోధనాలయానికి నాయకత్వం వహించినది భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అన్న సంగతి మింగినవారిలో చాలామందికి తెలియదు. ఆ పరిశోధనాలయాన్ని పోషించిన అమెరికా రసాయన సంస్థ ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద సంస్థల్లో ఒకటి. అది చేతులు మారి, ముక్కలై, చివరకు పేరు సైతం కోల్పోయింది. సుబ్బారావు జీవితంలోని ఫలవంతమైన చివరి 8 ఏళ్లు ఆ సంస్థ చరిత్రతో పెనవేసుకున్నవే.

పేదరికం నుంచి వైద్య విద్యకు..

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానంలో ఆయన నాలుగోవారు. రెవెన్యూ శాఖలో చిరుద్యోగి అయిన తండ్రి అనారోగ్యంతో ముందే విరమించడంతో కుటుంబం ఇక్కట్ల పాలయింది. చిన్నతనంలో కాశీకి వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచారని, తల్లి వెతికించి వెనక్కు రప్పించారని చెబుతారు. రాజమండ్రిలోను, మద్రాసులోను చదివి మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. ఆ చదువు కోసం తల్లి తన నగలను వదులుకున్నారు.

రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలన్న కోరికకు తల్లి అంగీకరించలేదు. దాంతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. 1919 మే 10న శేషగిరితో వివాహమైంది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు అండగా నిలిచారు. గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి హాజరవడం ఆంగ్లేయుడైన ఆచార్యుడికి ఆగ్రహం తెప్పించింది. ఫలితంగా ఎంబీబీఎస్ పట్టాకు బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ మాత్రమే చేతికి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఇద్దరు సోదరులు కొద్ది రోజుల వ్యవధిలో మరణించారు. వారిలో పురుషోత్తం ప్రాణం తీసినది స్ప్రూ, అంటే తిన్నది ఒంటబట్టనీయక మనిషిని క్షీణింపజేసే సంగ్రహణి. సుబ్బారావు సైతం అదే వ్యాధి బారినపడి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. తర్వాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. ఈ వ్యాధులకు మందు కనుగొనాలన్న పట్టుదల మాత్రం ఆయనను కుదురుగా ఉండనీయలేదు. మామగారి సాయానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం తోడవగా ఓడ ఎక్కి అమెరికాలోని బోస్టన్ చేరారు. మళ్లీ స్వదేశానికి రాలేదు. ఇంటి వద్ద పసివాడైన కుమారుడు కన్నుమూశాడు. శేషగిరి ఎదురుచూపులు తీరనే లేదు.

హార్వర్డులో పేరు వచ్చింది.. పదవి రాలేదు

హార్వర్డు విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రం చదువుతూ పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. తర్వాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే వద్ద చేరారు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. అది ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో స్థిరపడింది. ఆ కొలత ఆధారంగానే కండరాల్లోని ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, జీవకణాలకు శక్తినిచ్చే ఏటీపీని 1929లోను వెలుగులోకి తెచ్చారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నారు.

1930లో సుబ్బారావు డాక్టరేటు పొందారు. అయినా హార్వర్డు ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. రక్తహీనతను తగ్గించే కాలేయ రసంలోని పదార్థాలను వేరుచేసే పనిలో ఉండగా ఆయనకు లెడర్లీ అనే ఔషధ సంస్థతో సంబంధం ఏర్పడింది. 1940లో హార్వర్డును వీడి, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయంలో చేరారు. అనతికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

ఎరువుతో మొదలైన సంస్థ

లెడర్లీకి యజమాని అమెరికన్ సైనమిడ్ కంపెనీ. ఫ్రాంక్ వాష్‌బర్న్ అనే ఇంజినీరు 1907లో దాన్ని స్థాపించారు. సున్నపురాయి, బొగ్గు నుంచి చేసిన కాల్షియం కార్బైడును మహోష్ణంలో గాలిలోని నత్రజనితో కలిపితే కాల్షియం సైనమిడ్ అనే ఎరువు వస్తుంది. ఇందుకు చౌకగా విద్యుత్తు కావాలి గనుక నయాగరా జలపాతం పక్కన కెనడా గడ్డపై కర్మాగారం పెట్టారు. 1909 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది. ఆ ఒక్క సరుకే సంస్థకు పేరు కూడా ఇచ్చింది.

1922లో పగ్గాలు చేపట్టిన విలియం బెల్ ఒకే సరుకుపై ఆధారపడడం ప్రమాదమని గ్రహించి ఇతర కంపెనీలను కొనసాగారు. 1929లో రంగుల తయారీలో పేరొందిన కాల్కో, 1930లో లెడర్లీ సైనమిడ్ వశమయ్యాయి. లెడర్లీని స్థాపించినది న్యూయార్క్ నగర ఆరోగ్య కమిషనర్‌గా పనిచేసిన ఎర్నెస్ట్ లెడర్లీ. 1906లో కంఠసర్పి వ్యాధికి విరుగుడు తయారు చేసేందుకు ఆయన దాన్ని నెలకొల్పారు. ఇలా ఎరువులు, రంగులు, మందులు ఒకే గొడుగు కిందకు వచ్చాయి. సుబ్బారావుకు కలిసివచ్చినది ఈ కలయికే. విశ్వవిద్యాలయంలో ఒకరిద్దరు సహాయకులతో సాగే పనికి ఇక్కడ రసాయన శాస్త్రజ్ఞుల పటాలమే దొరికింది.

ఎనిమిదేళ్లలో నాలుగు విజయాలు

మొదటిది ఫోలిక్ ఆమ్లం. కాలేయంలో అతి స్వల్పంగా ఉండే ఈ విటమిన్‌ను వేరుచేయడం ఒక ఎత్తయితే, కృత్రిమంగా తయారు చేయడం మరో ఎత్తు. లెడర్లీ బృందంతో పాటు న్యూజెర్సీ రాష్ట్రం బౌండ్ బ్రూక్‌లోని కాల్కో రంగుల కర్మాగారపు రసాయన నిపుణులు సైతం ఇందులో పాలుపంచుకున్నారు. 1945లో విజయం లభించింది. అది స్ప్రూ వ్యాధిగ్రస్తులకు ప్రాణదాత అయింది. అన్నను పొట్టనపెట్టుకున్న రోగానికి తమ్ముడి పరిశోధనాలయం నుంచే మందు వెలువడింది.

రెండోది కేన్సర్‌పై పోరు. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ సోకిన పిల్లలకు చికిత్స వెతుకుతున్నారు. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకునే పదార్థాలను లెడర్లీ ఆయనకు తయారు చేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ ఇచ్చిన 16 మంది పిల్లల్లో 10 మందికి వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గుముఖం పట్టిందని 1948 జూన్‌లో ఫార్బర్ బృందం ప్రకటించింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ కేన్సర్‌కు, కీళ్లవాతానికి వైద్యులు రాసే మందు.

మూడోది 1947లో వెల్లడైన హెట్రజాన్. అదే డీఈసీ. బోదకాలుకు కారణమయ్యే పురుగులను నిర్మూలించే గుణం దానిది. నాలుగోది అరియోమైసిన్. విశ్వవిద్యాలయ కొలువు విరమించాక 70 ఏళ్లు దాటిన వయసులో లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్, మిస్సోరీ నుంచి వచ్చిన మట్టి నమూనాలో బంగారు వన్నె సూక్ష్మజీవిని కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అది మొదటిది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు. పరిశోధనకు దిశానిర్దేశం సుబ్బారావుదే అయినా కీర్తి డుగ్గర్‌దే అయింది.

మరుసటి నెలలోనే, ఆగస్టులో, సుబ్బారావు గుండెపోటుతో హఠాన్మరణం చెందారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు.

ఉచ్చస్థితి.. ఆపై టేకోవర్

అరియోమైసిన్‌తో, 1953లో వచ్చిన ఆక్రోమైసిన్‌తో సైనమిడ్ ఔషధ రంగంలో అగ్రశ్రేణికి చేరింది. ఆ బలంతో 1956లో ఫార్మైకాను, 1971లో ఓల్డ్ స్పైస్ తయారుచేసే షుల్టన్‌ను కొనుగోలు చేసింది. కాలక్రమంలో ఇన్ని వ్యాపారాలు ఒకచోట ఇమడవని తేలింది. 1993లో నీటి శుద్ధికి, గనులకు, విమానాలకు ఉపకరించే ప్రత్యేక రసాయనాల విభాగాన్ని సైటెక్ పేరిట వేరుచేసి వాటాదారులకు అప్పగించింది.

ఔషధాలు, పురుగుమందులతో తేలికపడిన సైనమిడ్‌పై ఇతరుల కన్ను పడింది. 1994 ఆగస్టులో అమెరికన్ హోమ్ ప్రోడక్ట్స్ పిలవని పేరంటంగా ధర ప్రకటించింది. సైనమిడ్ యాజమాన్యం మరో సంస్థతో బేరసారాల్లో ఉన్నప్పటికీ, ధర పెంచేసరికి తలొగ్గింది. దాదాపు 970 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. 87 ఏళ్ల సైనమిడ్ ఆ ఏడాదితో స్వతంత్ర సంస్థగా అంతరించింది. 2000లో దాని పురుగుమందుల వ్యాపారం 380 కోట్ల డాలర్లకు జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ పరమైంది. కొనుగోలుదారు 2002లో వైత్‌గా పేరు మార్చుకుంది. 2009లో ఆ వైత్‌ను 6,800 కోట్ల డాలర్లకు ఫైజర్ కొనేసింది. సైటెక్‌కూ అదే గతి పట్టింది. 2015లో బెల్జియం సంస్థ సోల్వే 550 కోట్ల డాలర్లకు దాన్ని సొంతం చేసుకుంది. 2023లో సోల్వే రెండుగా చీలినప్పుడు ఆ వ్యాపారం సైయెన్స్కోకు వెళ్లింది.

కొన్నవారికి ఆస్తులతో పాటు అప్పులూ సంక్రమించాయి. 1915 నుంచి రంగులు, రసాయనాలు తయారైన బౌండ్ బ్రూక్ స్థలంలోని మట్టి, భూగర్భజలం కలుషితమయ్యాయని గుర్తించిన అమెరికా ప్రభుత్వం 1983లో దాన్ని అత్యంత ప్రమాదకర స్థలాల జాబితాలో చేర్చింది. 1999లో అక్కడ ఉత్పత్తి నిలిచిపోయింది. శుద్ధిచేసే బాధ్యత చేతులు మారుతూ ఫైజర్ వరకు వచ్చింది. ఫోలిక్ ఆమ్లం తయారీలో భాగం పంచుకున్న నేల కథ ఇది. ఆ విజయంతో పాటు ఈ మచ్చనూ చెప్పుకోవాలి.

మిగిలినది ఇదీ..

సుబ్బారావు అమెరికా పౌరసత్వం స్వీకరించలేదు. తాను పనిచేసిన సంస్థకు ఆయన యజమాని కాదు, వారసులకు సంపదా మిగల్చలేదు. ఆయన పేరిట ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది. పెర్ల్ రివర్ ప్రాంగణంలో 2020లో ఫైజర్ శాస్త్రజ్ఞులు కరోనా టీకా పరిశోధన సాగించారు.

వాటాలు, ధరలు, పేర్లు కాలంతో పాటు మారిపోయాయి. 2022లో పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన భీమవరంలో నేడు గర్భిణికి ఐరన్‌తో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. బోదకాలు రోగికి వైద్యుడు రాసేది ఆ డీఈసీయే. ఆ మాత్రల వెనుక ఉన్నది ఇదే ఊరి బిడ్డ అని పాఠశాలల్లో పిల్లలకు చెప్పవలసి ఉంది.