లోహపు గుట్టు విన్న హ్యూస్

కుండ కొనువాడు దానిని వ్రేలితో కొట్టి చూచును. పగులున్నచో ధ్వనియే చెప్పును. యంత్రభాగములోని సన్నని పగులు అంత సులభముగా దొరకదు. లోహములోని గుట్టును అయస్కాంత ప్రభావముచే వినవచ్చునని చూపిన తొలివారిలో డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ ముఖ్యుడు.

వేల్స్ కుటుంబములో 1831లో జన్మించిన హ్యూస్ బాల్యములోనే అమెరికా చేరి, కెంటకీ రాష్ట్రమున సంగీతోపాధ్యాయుడైనాడు. పియానో మెట్లవంటి మీటలు నొక్కగా దూరమున అక్షరములు అచ్చుపడు టెలిగ్రాఫ్ యంత్రమును 1855లో నిర్మించినాడు. ఐరోపా దేశములు దానిని స్వీకరించగా ధనవంతుడైనాడు. 1878లో తన మైక్రోఫోనును పేటెంటు కోరకయే లోకమునకు వెల్లడించినాడు.

మరుసటి యేడు లండనులో ఇండక్షన్ తులను రూపొందించినాడు. అందు తీగచుట్టలు రెండు జతలు. ప్రతి జతలోను ఒక చుట్టలో ఆగి ఆగి పారు విద్యుత్తు, తన అయస్కాంత ప్రభావముచే రెండవ చుట్టలో విద్యుత్తును పుట్టించును. రెండు జతలను ఎదురెదురుగా కలుపుటచే ఆ ప్రభావములు ఒకదానినొకటి రద్దుచేయగా టెలిఫోను మౌనముగా నుండును. ఒక జతలో నాణెమునుంచగానే అది మ్రోగును. రెండవ జతలో సరిగా అట్టి నాణెమునే ఉంచినచో మరల నిశ్శబ్దము. ఆ నాణెము అరిగినదైనను, కల్తీదైనను మౌనము చెడును. లోహములో పుట్టు సుడివిద్యుత్తే ఇందుకు కారణము. పగులు అడ్డువచ్చినచో ఆ సుడి దారి మారును.

1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ దేహములోని తుపాకిగుండును వెదకుటకు గ్రాహంబెల్ ఇట్టి తులనే ఉపయోగించినాడు. కాని మంచములోని ఉక్కు స్ప్రింగులు ధ్వనిని తారుమారు చేసినవి. వైద్యులు ఒక ప్రక్కనే వెదకనిచ్చిరి. గుండు దొరకలేదు, అధ్యక్షుడు మరణించినాడు.

హ్యూస్‌కును ఒక నిరాశ తప్పలేదు. 1879లో తన తులలోని వదులైన అతుకు ఒకటి టెలిఫోనులో టిక్కుమనిపించుట గమనించి, కారణము వెదకినాడు. విద్యుత్ స్ఫులింగము పుట్టించు సంకేతమును తీగ లేకయే వీధిలో దూరము వరకు వినగలిగినాడు. 1880లో పరీక్షింపవచ్చిన రాయల్ సొసైటీ పెద్దలలో స్టోక్స్ అది సామాన్య ప్రేరణమే యని త్రోసిపుచ్చెను. నిరుత్సాహపడిన హ్యూస్ దానిని ప్రకటింపలేదు. 1888 నాటికి హెర్ట్‌జ్ విద్యుదయస్కాంత తరంగములను నిరూపించి కీర్తిగాంచెను. హ్యూస్ వృత్తాంతము 1899లో గాని లోకమునకు తెలియలేదు.

1900 జనవరిలో మరణించుచు ఆయన తన ఆస్తిలో అధికభాగమును లండను ఆసుపత్రులకు వ్రాసిపోయినాడు. నేడు విమానభాగములలో పగుళ్లను వెదకు సుడివిద్యుత్ పరీక్షకు మూలము ఆ తులలోనే ఉన్నది. తన యంత్రము చేసిన చిన్న చప్పుడును సైతము ఉపేక్షింపక కారణము వెదకుటయే హ్యూస్ జీవితమునుండి విద్యార్థులు నేర్వవలసిన పాఠము.