పూసా గోధుమ – బి.పి. పాల్

పిల్లలూ! మన ఢిల్లీలో పూసా రోడ్డు మీద తిరుగుతాం కానీ, ఆ పేరు బీహారులోని ఊరిది. 1934 భూకంపానికి అక్కడి వ్యవసాయ పరిశోధనాలయం దెబ్బతింటే, 1936లో ఢిల్లీకి తరలించారు. దానితోపాటే వచ్చారు బెంజమిన్ పియరీ పాల్. 1906లో పంజాబులో పుట్టి, బర్మాలో పెరిగి, కేంబ్రిడ్జిలో గోధుమ మీద పరిశోధన చేసినవారు.

గోధుమకు చలి కావాలి. చిక్కేమిటంటే, పసుపు తుప్పు తెగులుకూ ఆ చలే ఇష్టం! అందుకే తట్టుకునే గుణం గింజలోనే ఉండాలన్నది పాల్ గారి పట్టుదల. రకాలను సంకరపరుస్తూ, తెగులు సోకినవాటిని ఏరి పారేస్తూ ఏళ్ల తరబడి శ్రమించారు. 1954లో వచ్చిన ఎన్.పి. 809 మూడు రకాల తుప్పు తెగుళ్లనూ తట్టుకుంది. ఎన్.పి. అంటే న్యూ పూసా.

గులాబీలన్నా ఆయనకు ప్రాణమే. పెళ్లి చేసుకోలేదు. 1989లో కన్నుమూశారు. ఇల్లూ, గులాబీ తోటా పూసా సంస్థకే ఇచ్చేశారు.