బ్రౌను దొర తెలుగు చదువు

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తా నగరమున జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, పెక్కు భాషలు నేర్చిన విద్వాంసుడు. ఆయన మరణానంతరము బ్రౌను ఇంగ్లండునకేగి, ఈస్టిండియా కంపెనీ కొలువునకు వలసిన చదువు ముగించి, 1817లో చెన్నపట్టణము చేరెను. అప్పటి కాతడు తెలుగెరుగడు.

కంపెనీ ఉద్యోగులు దేశభాషలలో పరీక్ష నిచ్చుట ఆ కాలపు నియమము. బ్రౌను చెన్నపట్టణపు కళాశాలలో తెలుగు నేర్చి, 1820లో కడప కచ్చేరిలో ఉద్యోగమున చేరెను. అయితే పరీక్ష వేరు, కచ్చేరి వేరు. శిస్తు తగ్గింపుమని వేడవచ్చిన రైతు తన గోడును కావ్యభాషలో చెప్పుకొనడు గదా! ఆ మాటలను అధికారి తప్పుగా గ్రహించినచో నష్టపోవువాడు రైతే.

నాటి పండితులు మొదట వ్యాకరణ సూత్రములను, నిఘంటువులను వల్లింపజేసెడివారు. ఆ వ్యాకరణములు కవిత్వము కొరకు పుట్టినవి. బజారులోను, పొలములోను వినవచ్చు పలుకు వారి దృష్టిలో గ్రామ్యము. దానికి సూత్రమే లేదు. పరదేశి విద్యార్థి కీ పద్ధతి మిక్కిలి కష్టమాయెను.

బ్రౌను వ్యాకరణమును విడువలేదు, పండితులనూ విడువలేదు. వారు లేనిదే తాటాకు ప్రతులు చదువుట ఆతని తరము కాకపోయెడిది. వేమన పద్యములను సేకరించి, ఆంగ్లానువాదముతో 1829లో ముద్రించెను. కడపలో బంగళా కొని, తన జీతములోనుండియే పండితులను పోషించి, గ్రంథములను పరిష్కరింపజేసెను. అందులకై అప్పులపాలును ఆయెను.

1840లో ఆతడు ఆంగ్లమున రచించిన తెలుగు వ్యాకరణము వెలువడెను. అందు కావ్యభాషతోపాటు నిత్యవ్యవహారములోని పలుకునకును చోటిచ్చెను. అట్టి వ్యాకరణము పరదేశికి ఏల కావలెనో ఒక్క ఉదాహరణము చాలును. ‘మేము’, ‘మనము’ అను రెంటికిని ఆంగ్లమున ఒకే పదము కలదు. భేద మెరుగని అధికారి రైతులతో ‘మనము శిస్తు వసూలు చేయుదము’ అన్నచో, వసూలులో రైతులను గూడ కలుపుకొన్నట్లగును! సూత్రమొకటి చెప్పినగాని ఆ తప్పు ఆతనికి తోచదు. పదిమందితో మాటలాడినగాని ఆ సూత్రము నాలుకకు రాదు.

1852లో ఆతని తెలుగు-ఆంగ్ల నిఘంటువు వెలువడెను. విద్యార్థుల కొరకు తెలుగు, ఆంగ్ల సంభాషణల పుస్తకమును గూడ ప్రకటించెను. ఉద్యోగము చాలించి స్వదేశమునకు పోయిన పిదప లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడాయెను. 1884 డిసెంబరు 12న మరణించెను. కడపలో ఆతని బంగళా ఉండిన స్థలమున నేడు ఆతని పేర గ్రంథాలయమున్నది.