నది హిస్టరీ చదివినవాడు

రంగురంగుల రిబ్బన్లు ఒకదాని మీద ఒకటి పడేసినట్టుండే మిసిసిపీ నది మ్యాప్‌ని మీలో చాలామంది ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. నేనైతే ఎవరో ఆర్టిస్ట్ వేసిన పోస్టర్ అనుకున్నాను. నిజానికి అది 1944లో వచ్చిన ఒక ప్రభుత్వ రిపోర్టులోది. దాని వెనకున్న మనిషి హెరాల్డ్ ఫిస్క్ అనే జియాలజిస్టు.

ఫిస్క్ 1908లో పుట్టాడు. లూసియానా స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు. మిసిసిపీ వరదలతో వేగుతున్న ఆర్మీ ఇంజనీర్లకి ఆ నది ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియాలి. ఆ పని ఫిస్క్ చేతికొచ్చింది. విమానాల నుంచి తీసిన ఫోటోలు, సుమారు 16,000 బోర్ల నుంచి వచ్చిన మట్టి వివరాలు ముందేసుకుని, ఆయన టీమ్ నది వదిలేసిన పాత దారులన్నీ గీసింది. ఒక్కో దారికి ఒక్కో రంగు. మన భాషలో చెప్పాలంటే, అది నది కమిట్ హిస్టరీ. అయితే ఆయన వేసిన టైమ్‌స్టాంపులు చాలావరకు తప్పని తర్వాత రేడియోకార్బన్ పరీక్షల్లో తేలింది. నది ఎలా కదులుతుందన్న అవగాహన మాత్రం నిలిచింది.

నది వంపు తిరిగే చోట బయటి గట్టుని కోస్తుంది, లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది. వంపు పెరిగి పెరిగి చివరికి మెడ దగ్గర తెగిపోతుంది. అప్పుడు పాత దారి గుర్రపునాడా ఆకారంలో చెరువవుతుంది, మెల్లగా బంకమట్టితో పూడిపోతుంది.

దీంతో చమురు కంపెనీలకేం పని? కోట్ల ఏళ్ల కిందటి నదులు కూడా ఇలాగే మేటలు వేశాయి. అవి లోతుకి కూరుకుపోయి ఇసుకరాయి అయ్యాయి. కొన్నిచోట్ల ఆ రాతి సందుల్లో చమురు చేరింది. మధ్యలో ఉన్న బంకమట్టి మాత్రం అడ్డుగోడలా నిలబడింది. అందుకే పక్కపక్కనే తవ్విన రెండు బావుల్లో ఒకటి పారొచ్చు, రెండోది పారకపోవచ్చు. బతికున్న నదిని చదివినవాడే పూడిపోయిన నదిని ఊహించగలడు. 1948లో హంబుల్ ఆయిల్ కంపెనీ ఫిస్క్‌ని హ్యూస్టన్‌కి తీసుకెళ్లి జియాలజీ రీసెర్చ్ అప్పజెప్పింది.

చమురు కంపెనీలో చేరినా ఆయన నదిని వదల్లేదు. మిసిసిపీ అచాఫలాయా దారిలోకి మళ్లిపోతోందని, ఆపకపోతే 1965-75 మధ్య ఆ మార్పు ఇక వెనక్కి తిప్పలేని దశకి చేరుతుందని 1952 రిపోర్టులో హెచ్చరించాడు. సముద్రానికి ఆ దారి సగం కంటే తక్కువ దూరం మరి! అదే జరిగితే న్యూ ఆర్లీన్స్‌కి నది ఉండదు. 1954లో అమెరికా కాంగ్రెస్ ఓల్డ్ రివర్ కంట్రోల్ కట్టడాలకి ఒప్పుకుంది, 1963లో అవి పూర్తయ్యాయి. ఆ మరుసటేడే ఫిస్క్ చనిపోయాడు.

ఇప్పుడు కెనడాలోని మెక్‌ముర్రే పొరల సైస్మిక్ చిత్రాల్లో నేల కింద అవే వంపులు స్క్రీన్ మీద కనిపిస్తాయి. అక్కడ ఆవిరి పంపి తారులాంటి చమురుని కరిగించి తీస్తారు. మధ్యలో మట్టి పొర అడ్డొస్తే ఆవిరి పైకి ఎక్కదు. ఆ పొర ఎక్కడుందో కనిపెట్టే మోడల్స్ రాసేది రేపు మనలో ఎవరైనా కావచ్చు. కోడ్ మొదలుపెట్టే ముందు ఫిస్క్ మ్యాప్ ఒక్కసారి చూడండి. డేటా వెనక ఒక నది ఉందని గుర్తుంటుంది.