నీటిలోని శక్తిని నిలిపిన విశ్వేశ్వరయ్యగారు

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీని మన దేశమున ఇంజనీర్ల దినముగా జరుపుకొందురు. అది సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మదినము. విద్యార్థులారా! మన యిండ్లలో దీపము వెలుగుటకు వెనుక నెంత చింతనయు, నెంత శ్రమయు కలవో తెలిసికొనగోరు వారు ఆ మహనీయుని జీవితమును తప్పక చదువవలెను.

ఆయన యింటిపేరు పూర్వుల గ్రామమును తెలుపుచున్నది. మోక్షగుండము ఆంధ్రదేశమున కంభము ప్రాంతములోనిది. ఆ కుటుంబము వారు కన్నడ సీమకు వలస వచ్చి, చిక్కబళ్ళాపురము చెంత ముద్దేనహళ్ళిలో స్థిరపడిరి. ఇంట తెలుగు, వీధిలో కన్నడము. మనలో పెక్కండ్ర బాల్యము వంటిదే ఆయన బాల్యము. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. చిన్నతనముననే తండ్రి గతించుటచే కుటుంబమునకు కష్టదశ ప్రాప్తించెను. బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో చదువుచు, ఒక యింటి పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనుచు, 1881లో ఆయన బి.ఎ. పట్టము నొందిరి. పిదప మైసూరు సంస్థానపు విద్యార్థి వేతనముతో పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున ప్రవేశించిరి.

ఆ కొలువులో ఆయన దృష్టి నాకర్షించినది వృథాగా పోవు నీరు. పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయము కలదు. వానకాలమున దానిలో అధికముగా చేరిన నీరు కట్టపై పొర్లి పోవుచుండెను. కట్టను ఎత్తు చేయుటకు ధనము కావలెను. కట్ట ఎత్తక, పొర్లుకట్టపై తమంత తామే పనిచేయు తలుపులను ఆయన రూపొందించి, 1903లో అచట అమర్చిరి. నీరు నిర్ణీతమైన మట్టము వఱకు చేరుదాక అవి మూసికొని యుండును; వఱద అంతకు మించినచో తెఱచుకొనును; తగ్గినంతనే మరల మూసికొనును. ఉన్న కట్టతోనే ఎక్కువ నీరు నిలిచెను. పొదుపనగా నేమో ఆయన చేసి చూపిన మొదటి పాఠమిది.

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. నిజాము ప్రభుత్వము 1909లో ఆయన సలహాను కోరెను. నగరమునకు ఎగువ జలాశయములను కట్టి వఱదను ఆపవలెనని ఆయన సూచించిరి. ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము ఆ సూచన ఫలములే. ప్రాణములు తీసిన వఱద నీరే త్రాగునీరయ్యెను.

ఆ సంవత్సరముననే ఆయన మైసూరు సంస్థానపు చీఫ్ ఇంజనీరుగా నియమితులైరి. అప్పటికే, దివాను శేషాద్రి అయ్యరుగారు తలపెట్టిన కృషి వలన, శివసముద్రము నొద్ద కావేరీ జలపాతము నుండి 1902లో విద్యుత్తు పుట్టి, ఇంచుమించు 147 కిలోమీటర్ల దూరమున నున్న కోలారు బంగారు గనులకు చేరుచుండెను. మైసూరు సీమలో బొగ్గు గనులు లేవు. బొగ్గు కోట్ల సంవత్సరములకు భూగర్భమున నేర్పడు వస్తువు. ఒకమారు కాల్చిన మరల రాదు. కావేరి యట్లు కాదు, ఏటేట వచ్చును. కాని వేసవిలో నది చిక్కిపోయినపుడు శివసముద్రమున యంత్రములకు నీరు చాలదయ్యెను. గనులకో, శక్తి నిరంతరము కావలెను. ప్రకృతి తన కాలమున ఇచ్చును. మనుజుడు తన కాలమున కోరును. ఈ రెంటికిని నడుమ నిల్వ యుండవలెనని విశ్వేశ్వరయ్యగారు గ్రహించిరి.

కన్నంబాడి యొద్ద కావేరికి ఆనకట్ట కట్టు పని 1911లో ఆరంభమయ్యెను. వ్యయమునకు వెఱచినవారు కలరు. దిగువనున్న మదరాసు ప్రభుత్వము తన పొలముల నీటికై ఆక్షేపించి, మొదట తక్కువ యెత్తునకే సమ్మతించెను. అయినను, పునాదిని మాత్రము పూర్తి యెత్తునకు తగిన వెడల్పుతో వేసిరి. 1924లో ఒడంబడిక కుదిరినపుడు ఆ ముందుచూపు ఫలించెను. సిమెంటునకు బదులు సున్నమును ఇటుకపొడియు కలిపిన సుర్కీతో కట్టినదే నేటి కృష్ణరాజసాగరము. దానిలో ఇంచుమించు 49 టి.ఎం.సి.ల నీరు నిలుచును. ఇది ఒక్కరి ఘనత కాదు. నాల్వడి కృష్ణరాజ ఒడయరుగారి సంకల్పము, వేలకొలది కూలీల చెమట, మునిగిన గ్రామముల వారి త్యాగము దానిలో కలవు.

1912 నుండి 1918 వఱకు దివానుగానుండి ఆయన భద్రావతి ఇనుప కర్మాగారమునకు పునాది వేసిరి. బొగ్గు లేనందున అచట అడవి కట్టెల బొగ్గుతో ఇనుము కరగించిరి. చెట్టు మరల మొలచునది నిజమే. కాని నఱకినంత వేగముగా పెరుగదు. తరువాతి కాలమున శరావతీ జలవిద్యుత్తు వచ్చి, విద్యుత్ కొలుములు వెలసెను. 1955లో ఆయన భారతరత్న బిరుదు నొందిరి. నూఱేండ్లు దాటి జీవించి 1962లో పరమపదించిరి.

నేడు తుమకూరు జిల్లాలో, తెలుగు మాటాడు కుటుంబములు పెక్కు కల పావగడ మెట్టసీమలో, 2050 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము వెలసినది. వానలు చాలని ఆ పొలములలో ఎండయే పంటయైనది. కాని సూర్యుడస్తమించి మనము దీపము వెలిగించు వేళకు ఆ పలకలు ఊరకుండును. వేసవి కావేరి పెట్టిన చిక్కే ఇది! బ్యాటరీలలో దాచుట, పగటి విద్యుత్తుతో నీటిని ఎగువ జలాశయమునకు ఎక్కించి రాత్రి దింపుట అను మార్గములను నేటి ఇంజనీర్లు అనుసరించుచున్నారు.

అన్నిటికంటె సులభమైన నిల్వ మన చేతిలోనే కలదు. తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. దీపము, అఱువది వాట్ల పాత బల్బు ఇచ్చునంత వెలుగును ఇంచుమించుగా ఇచ్చును. ప్రభుత్వపు పని ముగిసినంతనే విశ్వేశ్వరయ్యగారు ప్రభుత్వపు దీపము నార్పి, సొంత పనికి సొంత దీపము వెలిగించుకొనెడివారని ఒక కథ చెప్పుకొందురు. అది జరిగినను జరుగకున్నను, ఆయన జీవితమునకు తగిన కథయే. బడి విడిచి పోవునపుడు తరగతి గదిలోని దీపమును, పంకాను ఆపి వెళ్ళు బాలుడు ఆయన బాటలో ఒక అడుగు వేసినవాడే యగును.