షికాగో ఎత్తును మార్చిన ఢాకా ఇంజినీరు

అమెరికాలోని షికాగో నగరంలో 110 అంతస్తులతో, 442 మీటర్ల ఎత్తున నిలిచిన సియర్స్ టవర్ దాదాపు పాతికేళ్లపాటు ప్రపంచంలోకెల్లా ఎత్తైన భవనంగా పేరొందింది. 1998లో కౌలాలంపూర్‌లో పెట్రోనాస్ జంట భవనాలు పూర్తయ్యేవరకు ఆ ఘనత దానిదే. 2009 నుంచి విల్లిస్ టవర్‌గా వ్యవహరిస్తున్న ఈ కట్టడాన్ని గాలిని తట్టుకుని నిలిచేలా రూపొందించిన ఇంజినీరు అవిభక్త బెంగాల్‌లో పుట్టిన ఫజ్లుర్ రెహమాన్ ఖాన్. ఎత్తైన భవనానికి బలం వచ్చేది ఉక్కును కుప్పపోయడం వల్ల కాదు, తగినచోట ఉంచడం వల్లనేనని ఆయన తన నిర్మాణాలతో నిరూపించారు.

ఖాన్ 1929 ఏప్రిల్ 3న ఢాకాలో జన్మించారు. తండ్రి గణితోపాధ్యాయుడు. కలకత్తా సమీపంలోని శివ్‌పూర్ బెంగాల్ ఇంజినీరింగ్ కళాశాలలో చదువుకున్న ఖాన్, ఢాకాలోని అహసనుల్లా ఇంజినీరింగ్ కళాశాల నుంచి పట్టా పుచ్చుకున్నారు. అప్పటికి దేశ విభజన జరిగి ఢాకా తూర్పు పాకిస్థాన్‌లో భాగమైంది. 1952లో ఫుల్‌బ్రైట్ ఉపకారవేతనంపై ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, మూడేళ్లలోనే రెండు మాస్టర్స్ పట్టాలతోపాటు డాక్టరేటు సాధించారు. 1955లో షికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే భవన రూపకల్పన సంస్థలో చేరారు.

అయితే స్వదేశానికి సేవచేయాలన్న తలంపుతో 1957లో ఆయన పాకిస్థాన్‌కు తిరిగి వెళ్లారు. కరాచీ అభివృద్ధి సంస్థలో ఉద్యోగం దొరికింది. అక్కడ ఆయన చేతికి వచ్చినవి ఎక్కువగా పరిపాలనా వ్యవహారాలే. నేర్చిన విద్యకు పని లేకపోవడంతో 1960లో మళ్లీ షికాగో చేరి పాత సంస్థలోనే కుదురుకున్నారు.

ఆకాశహర్మ్యాలు షికాగోకు కొత్త కాదు. 1871నాటి మహా అగ్నిప్రమాదంలో నగర నడిబొడ్డు బూడిదయ్యాక, తిరిగి కట్టుకునే క్రమంలో లోహపు చట్రంపై నిలిచే భవనాలు అక్కడ రూపుదిద్దుకున్నాయి. 1885లో పది అంతస్తులతో వెలసిన హోం ఇన్సూరెన్స్ భవనాన్ని ప్రపంచంలో తొలి ఆకాశహర్మ్యంగా చాలామంది పరిగణిస్తారు. ఆ తరువాత దశాబ్దాలపాటు స్తంభాలు, దూలాలను భవనం లోపలంతా పరచి చట్రంగా బిగించే పద్ధతే సాగింది. ఆ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ సొంత బరువుకన్నా పక్కనుంచి వీచే గాలి తాకిడే భవనానికి పెద్ద పరీక్ష అవుతుంది. దానిని తట్టుకోవడానికి కావలసిన ఉక్కు అంతస్తుల లెక్కను మించి పెరిగిపోతుంది. ఖర్చు భరించలేక ఎత్తు ఆగిపోతుంది.

ఈ చిక్కుముడికి ఖాన్ చూపిన పరిష్కారం గొట్టం. స్తంభాలను లోపల చెదరగొట్టకుండా వెలుపలి గోడల వెంట దగ్గర దగ్గరగా నిలిపి, గట్టి దూలాలతో కలిపితే భవనమంతా బోలు గొట్టంలా ఒక్కటిగా పనిచేస్తుంది. లోపల బోలుగా ఉన్నా గాలివానకు నిలిచే వెదురుబొంగును తలపించే ఏర్పాటిది. 1960ల మధ్యలో షికాగోలో పూర్తయిన 43 అంతస్తుల డెవిట్-చెస్ట్‌నట్ నివాస భవనంలో ఆయన ఈ విధానాన్ని తొలిసారి అమలుచేశారు.

తరువాతి మెట్టు జాన్ హాన్‌కాక్ సెంటర్. వాస్తుశిల్పి బ్రూస్ గ్రాహంతో కలిసి ఖాన్ రూపొందించిన ఈ వంద అంతస్తుల కట్టడం వెలుపలి గోడలపై పెద్ద పెద్ద ఐమూల ఉక్కు దూలాలు ఇంటూ గుర్తుల్లా స్పష్టంగా కనిపిస్తాయి. అవి అలంకారం కోసం పెట్టినవి కావు. గాలి ఒత్తిడిని నాలుగు గోడలకూ పంచేవి అవే. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనానికి చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టగా, ఇక్కడ 145 కిలోలే సరిపోయింది.

ఆ నిర్మాణం సాఫీగా సాగలేదు. పునాది స్తంభాల్లో ఒకదానిలో లోపం బయటపడి పనులు నిలిచిపోయాయి. మిగిలినవాటిని కూడా పరీక్షించి సరిచేశాకే కట్టడం పైకి లేచింది. గాలికి భవనం కాస్త ఊగినా పైఅంతస్తుల్లో నివసించేవారు ఓర్చుకోగలరా అన్నది మరో ప్రశ్న. దీనికి జవాబు వెతుకుతూ ఖాన్ షికాగో సైన్స్ మ్యూజియంలో వాషింగ్ మెషీన్ ప్రదర్శన కోసం అమర్చిన తిరిగే వేదికను వాడుకున్నారు. దానిపై మనుషులను నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, కదలిక ఏ స్థాయిలో తెలుస్తుందో గమనించారు.

ఆ వెంటనే వచ్చింది సియర్స్ టవర్. ఇక్కడ ఒక గొట్టానికి బదులు తొమ్మిది గొట్టాలను మూడేసి వరుసలుగా ఒకదానికొకటి బిగించారు. విడి పుల్లను విరవడం తేలిక, మోపును విరవడం కష్టం అన్న సూత్రమే దీనికీ మూలం. ఒక్కొక్క గొట్టం భుజం 75 అడుగులు. రెండు గొట్టాలు 50వ అంతస్తు వద్ద, మరో రెండు 66వ అంతస్తు వద్ద, ఇంకో మూడు 90వ అంతస్తు వద్ద ఆగిపోగా, చివరి రెండే 110వ అంతస్తు దాకా సాగుతాయి. దూరంనుంచి కనిపించే ఆ మెట్ల ఆకారం ఈ అమరికనుంచే పుట్టింది.

1967లో అమెరికా పౌరసత్వం తీసుకున్నా ఖాన్ మనసు పుట్టిన గడ్డను వీడలేదు. 1971లో బంగ్లాదేశ్ విముక్తి పోరాటం సాగుతుండగా షికాగోలో సహాయ సంఘాన్ని నెలకొల్పి బాధితులకు విరాళాలు సేకరించారు. అమెరికా ప్రభుత్వం పాకిస్థాన్ పక్షం వహించిన ఆ రోజుల్లో, సియర్స్ టవర్ పనులు ఒకవైపు నడుస్తుండగానే, బంగ్లాదేశ్‌కు అక్కడ మద్దతు కూడగట్టేందుకు కృషిచేశారు.

చివరి దశలో ఆయన దృష్టి ఎత్తునుంచి విస్తారానికి మళ్లింది. సౌదీ అరేబియాలోని జెడ్డా విమానాశ్రయంలో హజ్ యాత్రికుల కోసం 210 గుడారాలవంటి వస్త్రపు కప్పులతో విశాలమైన టెర్మినల్ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. అదే జెడ్డా నగరంలో 1982 మార్చి 27న గుండెపోటుతో కన్నుమూశారు. మరో వారం గడిస్తే ఆయనకు 53 ఏళ్లు నిండేవి.

ఖాన్ భౌతికకాయాన్ని షికాగోకు తరలించి గ్రేస్‌ల్యాండ్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఆ నగరానికి రూపమిచ్చిన వాస్తుశిల్పులు లూయీ సల్లివన్, డేనియల్ బర్నమ్, మీస్ వాన్ డెర్ రో సమాధులు కూడా అక్కడే ఉన్నాయి. సియర్స్ టవర్ పాదం వద్ద వీధి కూడలికి 1998లో ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడాది బంగ్లాదేశ్ ప్రభుత్వం స్వాతంత్ర్య పురస్కారంతో ఆయనను మరణానంతరం గౌరవించింది. 2010లో దుబాయ్‌లో ప్రారంభమైన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాను రూపొందించింది కూడా ఖాన్ పనిచేసిన సంస్థ షికాగో కార్యాలయమే.